సముద్రం నన్నడిగి రావాలి

రేవు పక్కన టీ కొట్టులో ఎదురెదురుగా రెండు బల్లలున్నాయి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ నిర్ణయించలేదు గానీ, సముద్రానికి వీపు పెట్టి కూర్చునే చోటు మాత్రం సరంగుది. పడవ నడిపేవాణ్ణి అక్కడ సరంగు అంటారు. అలాంటివాళ్ళు రేవులో చాలామందే ఉన్నా, ఊరికే సరంగు అంటే ఇతనొక్కడే. మిగతావాళ్ళు ఎక్కువగా సముద్రం మీద ఉంటారు కాబట్టి ఆ పేరు ఇతనికి మిగిలింది.

ఆ రోజు భద్రతా తనిఖీ. ఆఫీసరు వచ్చి లైఫ్ జాకెట్లు, పంపు, హారన్, పడవ అడుగు అన్నీ చూసి, బాగున్నాయనుకుంటే సర్టిఫికెట్ మీద సంతకం పెడతాడు. అది లేని పడవ వేటకు పోకూడదు. ఆయన ఈ రేవుకు మళ్ళీ వచ్చేది చేపల కాలం అయిపోయాకే. సరంగు పడవలో సగం అతనిది, సగం అతని చెల్లెలి భర్తది. టీ కొట్టు చెల్లెలిది. సంతకం పడకపోతే తన భర్త ఈ కాలమంతా ఇంకొకరి పడవ మీద కూలికి వెళ్ళాలని ఆమెకు తెలుసు. పొద్దుటినుంచి అదే ఆలోచన. పాలు ఒకసారి పొయ్యి మీదే పొంగిపోయాయి.

సరంగు చేతిలో బొటనవేలంత ఇత్తడి ముక్క ఒకటి ఉంది. దాని చుట్టూ మరలున్నాయి. మాట్లాడేటప్పుడు దానితో బల్ల మీద కొట్టడం అతనికి బాగా నచ్చింది.

"పడవ సిద్ధమేనా సరంగు గారూ?" అని ఐసు బండి అతను అడిగాడు. రేవుకు కొత్తగా వచ్చాడు. అడగకూడదని తెలీదు.

"సిద్ధమా అంటున్నావా తమ్ముడూ? సిద్ధమే. ఏదో నా చేతనైనంత చేశాను, చెప్పుకోవాల్సినంత ఏం లేదు, నేను సొంత డబ్బా కొట్టుకునే రకం కూడా కాదు, కావాలంటే మామను అడుగు."

ఎదురు బల్ల మీద వలల మామ, ఒళ్ళో చిరిగిన వల వేసుకుని, సముద్రం వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. రేవులో చిరిగిన వలలన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. ఆయన తలెత్తలేదు.

"నన్ను మధ్యలోకి లాగకు అల్లుడూ," అన్నాడు.

"విన్నావుగా. సంగతేంటంటే, పడవలో ఎక్కడో చిన్న ఊట ఉంది. పొద్దున లేచి చూస్తే అడుగున కాసిన్ని నీళ్ళు. గుక్కెడు. గుడ్డతో అద్దితే పోతాయి. వేరేవాడైతే అద్దేసి ఊరుకుంటాడు, ఆఫీసరుకేం తెలుస్తుందిలే అనుకుంటాడు. నేనలా కాదు. పడవ పొట్టకు చెవి ఆనించి విన్నాను."

"ఏం విన్నారు?"

"చుక్క పడటం. టప్. అంతే. ఎక్కడ పడుతోందో చెవితోనే పట్టేశాను. అది గొప్పేం కాదు, అనుభవం ఉన్నవాడెవడైనా పడతాడు. చెవి తీయబోతుంటే ఇంకో చప్పుడు వినిపించింది. ఏంటా అని ఊపిరి బిగబట్టాను. పడవ కింద నుంచి ఒక రొయ్య వెళుతోంది."

"రొయ్య చప్పుడు చేస్తుందా?"

"నడక వినిపించింది తమ్ముడూ. కాస్త కుంటుతోంది. ఎడమ పక్క కాళ్ళలో ఏదో తేడా ఉంది. దాని వెనక ఇంకోటి, ఇంటిది అనుకుంటా, 'ఈ పడవ కింద నుంచి పోవద్దని చెప్పానా లేదా, ఇది సరంగు పడవ, ఈయన చెవి మంచిది కాదు' అని సణుగుతూ పోతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలీదండీ."

"రొయ్యల్లో కూడా పెళ్ళాం చెబితే వినరన్నమాట," అంది చెల్లెలు, గ్లాసులు కడుగుతూ.

"ఆ తర్వాత పడవను గట్టు మీదికి లాగించాను. ఊట ఉన్న సందులో నార కూరి, పైన లప్పం పెట్టి..."

"కూరింది మీ బావ. నడుం పట్టేసి నిన్నటిదాకా వంగలేకపోయారు."

"కూరింది మీ ఆయనేనమ్మా, నేను కాదన్నానా? ఎక్కడ కూరాలో చెప్పిందెవరు? దారి చూపించినవాడు గొప్పా, నడిచినవాడు గొప్పా, నువ్వే చెప్పు మామా."

"నొప్పి మాత్రం నడిచినవాడికే," అన్నాడు మామ.

సరంగు ఇత్తడి ముక్కతో బల్ల మీద ఒక దెబ్బ వేసి ఆ విషయం అక్కడితో ముగించాడు.

"నార కూరడంలో ఒక పద్ధతుంది తమ్ముడూ. ఎంత బిగువుగా కూరాం అంటే, పడవ కిర్రుమనడం మానేసింది. గాలి ఆడితేగా కిర్రుమనేది? పడవ లోపల ఒక దోమ ఉండిపోయింది, పాపం అది బయటికి రాలేక, చివరికి మా బావ భుజం మీద కూర్చుని ఏడ్చింది. అప్పుడు బావకు తుమ్ము వచ్చింది. తుమ్మాడు. ఇక చూడు, ఆ తుమ్ముకు బయటికి దారి లేదు! పడవ ఆ పక్క ఉబ్బింది, ఈ పక్క ఉబ్బింది. తుమ్ము ముందుకెళ్ళి కొట్టుకుంది, వెనక్కొచ్చి కొట్టుకుంది, అలా తిరిగి తిరిగి, ఎక్కడా చోటు దొరక్క, వచ్చిన ముక్కులోకే వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి బావకు జలుబు లేదు."

"ఒక్క కన్నం కూడా లేదా పడవకి?" మామ వల సూదిలో దారం ఎక్కిస్తూ అడిగాడు.

"సూది మొన పట్టదు మామా."

"ఊఁ."

"ఇక పంపు. ఆఫీసర్లు అన్నిటికంటే ముందు చూసేది పంపే. పొరపాటున నీళ్ళొస్తే తోడిపారెయ్యాలి కదా. మాది పాత పంపు, పోయినేడు దగ్గుతుండేది. దాన్ని విప్పి, తుడిచి, నూనె పెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి మళ్ళీ బిగించాను. పడవేమో గట్టు మీదుంది, లోపల చుక్క నీళ్ళు లేవు. పంపు పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? పైపు తీసుకెళ్ళి సముద్రంలో పడేశాను. స్విచ్ వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలీదండీ."

"రేవులో నీళ్ళు తగ్గాయి. మొదట అందరూ ఆటు అనుకున్నారు. ఆటైతే ఇంత తొందరగా తగ్గుతుందా? పడవలన్నీ బురదలో కూర్చున్నాయి. చేపలు ఒడ్డున చేరి తోకలతో విసురుకుంటున్నాయి. రేవు అడుగు కనిపించింది తమ్ముడూ, నేను చెప్పులేసుకుని నడిచాను. తాతల కాలం లంగర్లు, తెగిపోయిన వలలు, ఎవరివో గొడుగులు, అన్నీ ఉన్నాయి. మామ కళ్ళజోడు పోయినేడు నీళ్ళలో పడిందా లేదా? అదీ కనిపించింది. ఒక పీత పెట్టుకుని తిరుగుతోంది."

"సరిపోయిందా దానికి?"

"కాస్త వదులు మామా. చేత్తో పట్టుకుని చూస్తోంది."

చెల్లెలు తడి చేతులు తుడుచుకుంటూ ఇవతలికి వచ్చింది. "అయితే మీరంతా టీ తాగి గట్టు మీద పెట్టి, గాలికి నీళ్ళలో పడేసిన నా గ్లాసులు కూడా కనిపించి ఉండాలే?"

"ఎందుకు కనిపించవమ్మా? అన్నీ వరసగా ఉన్నాయి. బోర్లించి పెట్టి ఉన్నాయి."

"మరి తేలేదేం?"

"తెద్దామనే వంగాను. ఇంతలో అవతలి ఒడ్డు నుంచి ఫోను. 'సరంగు గారూ, మీరు తోడిన నీళ్ళన్నీ మా వైపు వచ్చాయి, మా వాకిట్లో తిమింగలం కూర్చుంది, పిల్లలు బడికి వెళ్ళడానికి దారి లేదు, దయచేసి కాస్త వెనక్కి పంపండి' అని బతిమాలారు. సాటి మనుషులు కదా. పంపు వెనక్కి తిప్పాను. రేవు నిండింది. నీ గ్లాసులు మునిగిపోయాయి. అవతలివాళ్ళ పిల్లల చదువుకంటే ఎక్కువా నీ గ్లాసులు?"

చెల్లెలు పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

అప్పుడే వించ్ డ్రైవరు వచ్చాడు. గట్టు మీదికి పడవల్ని పైకి లాగేదీ, కిందికి దించేదీ అతనే. ఏటవాలు గట్టు మీద పట్టాలుంటాయి, పట్టాల మీద బండి, బండి మీద పడవ. ఇనప తాడు వదిలితే కిందికి, చుడితే పైకి.

"అన్నా, దించేదెప్పుడు?" అన్నాడు. "ఆఫీసరు పక్క రేవు నుంచి బయల్దేరాడట."

"చూశావా తమ్ముడూ?" అన్నాడు సరంగు ఐసు బండి అతనితో. "నన్నెందుకు అడుగుతున్నాడో తెలుసా? ఈ గట్టుకు ఒక కట్టుబాటుంది. పడవ పైకి లాగగానే అడుగున ఉన్న బిరడా తీస్తారు. లోపలి నీళ్ళు కారిపోవాలి కదా. ఆ బిరడా తీసినవాడు దించమంటే తప్ప పడవ దించరు. యజమాని చెప్పినా దించరు, ఆఫీసరు చెప్పినా దించరు. ఈసారి మా పడవకు బిరడా తీసిందెవరు?" ఇత్తడి ముక్కతో బల్ల మీద కొట్టాడు. "నేను."

"అందుకే అడుగుతున్నా. దించనా?"

"కూర్చోరా. టీ తాగు. కథ లైఫ్ జాకెట్ల దగ్గరికొచ్చింది."

వించ్ డ్రైవరు కూర్చున్నాడు. అతను సరంగు కథల్ని వినడు, అయ్యేదాకా ఉంటాడు.

"లైఫ్ జాకెట్లన్నీ తీసి, దులిపి, ఎండలో వేసి, తెగిన పట్టీలు కుట్టాను."

"కుట్టింది నేను," అంది చెల్లెలు అక్కణ్ణుంచే.

"సూదిలో దారం ఎక్కించిందెవరమ్మా?"

"అదీ నేనే."

"దారం తెచ్చింది నేను. చెప్పనీ. కుట్టాక, మనిషి తేలతాడా లేదా చూడాలిగా? ఒకటి తొడుక్కుని గట్టు మీంచి దూకాను. దూకాను గానీ నీళ్ళలో పడలేదు. నీళ్ళకు జానెడు ఎత్తులో ఆగిపోయాను. కిందకి చూస్తే అరికాళ్ళు తడవలేదు. అప్పటికీ నాకు తృప్తి లేదు. ఇంకోటి తొడుక్కున్నాను. ఇంకాస్త పైకి లేచాను. సరే చూద్దాం అని పడవలో ఉన్నవన్నీ ఒకదాని మీద ఒకటి తొడిగాను. ఇక నన్ను ఆపేవాడు లేడు. ఈ కొట్టు రేకు చిన్న అగ్గిపెట్టెలా కనిపించింది. కొంగలు పక్కకొచ్చి, 'ఎటు వెళుతున్నారు' అని దారి అడిగాయి, తోడు వస్తామన్నాయి."

"మరి ఎలా దిగారండీ?"

"ఒక్కో పట్టీ విప్పుకుంటూ. మేడ మెట్లు దిగినట్టు దిగాను."

"అయ్యిందా?" అన్నాడు వించ్ డ్రైవరు.

"ఇంకా సిగ్నల్ రాకెట్ ఉంది. ఆపదలో ఉన్నామని తెలిసేలా ఆకాశంలోకి ఎర్ర మంట వదులుతారు చూడు, అది. పాతబడితే వెలగదు. వెలుగుతుందో లేదో తెలియాలంటే వెలిగించాలి. వెలిగించాను. వెళ్ళింది. వెళ్ళింది. ఇంకా వెళ్ళింది..."

ఫోను మోగింది. సరంగు దాని వైపు, పెళ్ళిలో ఏడ్చే పిల్లాణ్ణి చూసినట్టు చూసి, ఎత్తాడు.

"ఏంటి బావా... వచ్చేశాడా?... గట్టు మీద కాదా, నీళ్ళలోనే చూస్తాడట?... చూడమను... అన్నీ అయిపోయాయి బావా, ఏం మిగల్లేదు. దించెయ్... నేను చెబుతున్నాగా, దించెయ్. ఇక్కడ కాస్త పనిలో ఉన్నాను."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. వించ్ డ్రైవరు గ్లాసు కింద పెట్టి లేచాడు.

"దించమన్నట్టేనా అన్నా?"

"దించమన్నాను కదరా."

"నువ్వు రావా?"

"నా మాట ఉందిగా. మళ్ళీ నేనెందుకు?"

వించ్ డ్రైవరు వెళ్ళిపోయాడు. చెల్లెలు గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "అన్నయ్యా, నువ్వు కూడా వెళ్ళు. ఆఫీసరు వచ్చాడంటే మీ బావ ఒక్కరే ఉన్నారక్కడ. ఇల్లలకగానే పండగ కాదు."

"వెళ్తానమ్మా. రాకెట్ గాల్లో ఉంది. దాన్నలా వదిలేసి ఎలా వెళ్ళను?"

"అవునండీ, రాకెట్ ఏమైంది?" అన్నాడు ఐసు బండి అతను. బయట అతని బండి కింద చిన్న మడుగు కట్టింది. అతను దాన్ని గమనించలేదు.

"ఇంకా దిగలేదు," అన్నాడు సరంగు. "పొద్దున కూడా చూశాను. ఆ వెలుగుకి అవతలి ఒడ్డున కోళ్ళు కూశాయి, తెల్లారిందనుకుని అక్కడివాళ్ళు లేచి రెండోసారి పళ్ళు తోముకున్నారు. అసలు సూర్యుడొచ్చేసరికి ఎవరూ పట్టించుకోలేదు. ఆయనకు కోపమొచ్చి మబ్బు చాటుకు పోయాడు. నిన్నంతా మబ్బు ఎందుకు పట్టిందనుకున్నావు?"

బయట వించ్ శబ్దం మొదలైంది. ఇనప తాడు గిరగిరమంటూ నెమ్మదిగా వదులవుతోంది. మామ సూది ఆపి ఒకసారి అటు చూసి, మళ్ళీ వలలో దూర్చాడు.

"హారన్ సంగతి చెప్పనే లేదు. ఊరికే అలా వేలు ఆనించాను. ఆ దూరాన పోతున్న పెద్ద ఓడ వెనక్కి తిరిగి, ఇంత దూరం వచ్చి, 'పిలిచారా' అని అడిగింది. లేదమ్మా, నీ పని నువ్వు చూసుకో అని పంపించేశాను. కానీ తమ్ముడూ, ఇవన్నీ పైపై సంగతులు. జాకెట్లు, రాకెట్లు, హారన్లు ఎవడైనా కొంటాడు. పడవంటే ఏంటి? నీళ్ళు బయట ఉండాలి, మనం లోపల ఉండాలి. అంతకు మించి ఏం లేదు. ఆ విషయంలో నా పడవ గురించి సముద్రాన్నే అడగాలి. పోయినేడు తుఫాను వచ్చింది చూడు."

"అప్పుడు నేను లేనండీ ఇక్కడ."

"మంచిదే. నడి సముద్రంలో ఉన్నాను. ఒక్కో అల ఎంతుందంటే, ఎక్కడానికి పొద్దున బయల్దేరితే పైకి చేరేసరికి అన్నం వేళయ్యేది, అక్కడే తినేసి దిగేవాళ్ళం. సముద్రానికే భయమేసింది తమ్ముడూ. తన అలల్ని చూసి తనకే. మెల్లగా నా పడవ పక్కకు చేరి, ఒద్దికగా, 'సరంగూ, బయట మరీ దారుణంగా ఉంది, లోపల ఒక మూలన కాస్త చోటిస్తావా, తెల్లారగానే వెళ్ళిపోతాను' అంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలీదండీ," అన్నాడు ఐసు బండి అతను. గ్లాసులో టీ చల్లారిపోయింది.

"ఇవ్వనన్నాను. ఎందుకిస్తాను? ఇవాళ ఒక చుక్క వస్తానంటుంది, సరేలే అంటే, రేపు దాని చుట్టాలొస్తాయి. మొహం మీదే చెప్పేశాను. 'చూడమ్మా, నువ్వు పెద్దదానివే, కాదనను. నీ గౌరవం నీది. కానీ ఇది సరంగు పడవ. సముద్రమైనా సరే, ఇందులోకి రావాలంటే నన్నడిగి రావాలి.' అంతే! తలవంచుకుని పోయింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నా మాట లేకుండా ఒక్క చుక్క లోపల అడుగు పెట్టలేదు."

ఇత్తడి ముక్కతో బల్ల మీద గట్టిగా ఒక దెబ్బ వేశాడు. బయట వించ్ శబ్దం ఆగింది.

మామ వల మీంచి తలెత్తి సరంగు భుజం పక్కనుంచి రేవు వైపు చూశాడు. కాసేపు చూశాడు.

"అల్లుడూ, నీ పడవ నీళ్ళలోకి దిగింది."

"దిగుతుంది మామా. నేను చెప్పానుగా."

"వెనక భాగం కాస్త కిందికి కూర్చుంది."

"అది దాని ఠీవి."

"ఇంకాస్త కూర్చుంది."

"ఇంజను బరువు మామా. నీకు వలలు తెలుసు, పడవలు తెలీవు."

మామ ఒప్పుకున్నట్టు తలాడించాడు. వల ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాడు. పని మధ్యలో ఆయన వల పక్కన పెట్టడం ఆ కొట్టులో ఎవరూ చూడలేదు.

"నాకు తెలీకే అడుగుతున్నా. ఇందాకటి నుంచి బల్ల మీద కొడుతున్నావే, చేతిలో ఏంటది?"

సరంగు చెయ్యి చూసుకున్నాడు. ఇత్తడి ముక్కను వేళ్ళ మధ్య ఒకసారి తిప్పాడు. అందరూ దాన్నే చూస్తున్నారు. రేవులో ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు అదేంటో. పడవ అడుగున బిగించే బిరడా.

"ఇది..." అన్నాడు సరంగు.

హారన్ మోగింది. ఆగకుండా మోగింది. దూరంగా పోతున్న ఓడ ఏదీ వెనక్కి తిరగలేదు.

చెల్లెలు పొయ్యి ఆర్పింది. ఇవతలికి వచ్చి, అన్నయ్య వేళ్ళలోంచి బిరడా లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. ఆమె పరిగెత్తడం చూశాక గానీ సరంగు లేవలేదు. లేచాక మాత్రం ఆమెను దాటిపోయాడు.

"నన్నడిగి రావాలన్నాడే మరి," అన్నాడు ఐసు బండి అతను, ఎవరితోనో తెలీకుండా.

"అడుగుదామనే వచ్చుంటుంది పాపం," అన్నాడు మామ. "ఈయన పడవలో లేడు."

కొట్టులోంచి రేవంతా కనిపిస్తుంది. పడవ వెనక భాగం నీళ్ళలోకి ఒరిగి ఉంది. పంపు తోడిన నీళ్ళు పక్కనుంచి ధారగా బయటికి పోతున్నాయి. ఆఫీసరు పడవ మీదే ఉన్నాడు. చెల్లెలు కుట్టిన లైఫ్ జాకెట్ ఒకటి అప్పటికే తొడుక్కున్నాడు, పట్టీలన్నీ బిగించుకున్నాడు. బావ ఒక చేత్తో హారన్ నొక్కుతూ రెండో చేత్తో వించ్ వైపు ఊపుతున్నాడు. సరంగు గట్టు చివరి దాకా పరిగెత్తి, ఆగకుండా, బట్టలతోనే నీళ్ళలో దూకాడు. జానెడు ఎత్తులో ఆగలేదు. మునిగి, పడవ కిందికి పోయాడు.

"ఏం చేస్తున్నాడండీ?"

మామ కళ్ళు చికిలించాడు. "అరచెయ్యి అడ్డం పెడుతున్నట్టున్నాడు. కన్నానికి. బిరడా చెల్లెలి దగ్గరే ఉండిపోయిందిగా."

కాసేపటికి పడవ ఇంక కిందికి దిగడం మానేసింది. సరంగు తల పైకొచ్చి, గాలి పీల్చుకుని, మళ్ళీ మునిగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ మునిగింది. ఇనప తాడు ఇంకా బండికే తగిలించి ఉంది, పడవ ముందు భాగం బండికి కట్టే ఉంది. వించ్ డ్రైవరు చుట్టడం మొదలుపెట్టాడు. పడవ నీళ్ళోడుతూ అంగుళం అంగుళం పైకి కదిలింది. దాని వెనక నడుం లోతు నీళ్ళలో, తర్వాత మోకాలి లోతులో, అరచెయ్యి తీయకుండా సరంగు కూడా నడుచుకుంటూ పైకొచ్చాడు. అతను ఏమీ మాట్లాడటం లేదు. అంత దూరం నుంచి కూడా అది తెలుస్తోంది.

చెల్లెలు తిరిగొచ్చేసరికి ఆమె చీర మోకాళ్ళ దాకా తడిసింది. ముందు పొయ్యి వెలిగించింది.

"ఏమన్నాడమ్మా ఆఫీసరు?" అని మామ అడిగాడు.

"ముందు ఒడ్డుకు దిగాడు మామయ్యా. బూట్లు విప్పి నీళ్ళు వంపుకున్నాడు. తర్వాత, పంపు చూడక్కర్లేదు, చూశాను అన్నాడు. హారన్ విన్నాను అన్నాడు. జాకెట్ ఇంకా విప్పలేదు. బిరడాకు గొలుసు వేసి పడవకే బిగించాలట, మనుషుల చేతిలో ఉండకూడదట. సాయంత్రం వెళ్ళేముందు మళ్ళీ వస్తాడు. గొలుసు కనిపిస్తే సంతకం పెడతానన్నాడు."

"గొలుసు?"

"మా ఆయన వెల్డింగు షాపుకు వెళ్ళారు." ఆమె పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది. "సాయంత్రం దాకా అన్నయ్యను ఇక్కణ్ణుంచి కదలనివ్వొద్దన్నారు."

సరంగు వచ్చాడు. వచ్చి తన చోట్లో, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. బట్టల్లోంచి నీళ్ళు బల్ల కిందికి కారాయి. చెల్లెలు ఒక తువ్వాలు తెచ్చి తల మీద పడేసి, టీ గ్లాసు ముందు పెట్టింది. గ్లాసు అందుకోబోతూ అతను కుడి అరచెయ్యి తెరిచాడు. మధ్యలో బిరడా అంత గుండ్రంగా ఎర్రటి గుర్తుంది. దాన్ని అందరికీ కనిపించేలా బల్ల మీద పెట్టాడు.

"సముద్రమంతా ఒక పక్క, తమ్ముడూ," అన్నాడు మెల్లగా. "ఈ చెయ్యి ఒక పక్క. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసండీ," అన్నాడు ఐసు బండి అతను. "ఇక్కణ్ణుంచి అంతా కనిపించింది."

సరంగు ఆ చోట కూర్చోవడం మొదలుపెట్టాక మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు.